నౌకాధికారి పదవి: పోయిన దారి, వచ్చిన దారి

ఏన్కూరు నుండి ఒక రైతు మాకు ఉత్తరము వ్రాసెను. ఏన్కూరు ఖమ్మము జిల్లాలో తల్లాడ నుండి కొత్తగూడెము పోవు బాటమీది ఊరు. ఊరు దాటి జూలూరుపాడు వైపు సాగినచో అడవి మొదలగును. ఆ అడవి నడుమ నడుమ చేలకు చోటిచ్చుచు, మరల అలముకొనుచు భద్రాచలము దాక, గోదావరి ఒడ్డు దాక పోవును. ఉత్తరములోని సంగతి ఇది. ఆయన కుమారుడు ఇంటర్మీడియెటులో గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము చదివినాడు. మార్కులు మంచివే వచ్చినవి. ఊరిలోని తోడి పిల్లలవలె ఇంజనీరింగు చదువుమన్న వినక, వర్తక నౌకలలో అధికారి నగుదునని పట్టుపట్టినాడు. “మేము పత్తి, మిరప వేసుకొని బ్రదుకువారము. మా వంశమున సముద్రము చూచినవాడు లేడు. ఓడ నడుపుట మన తెలుగువారి వృత్తి కాదు గదా. రేడియోవారు చెప్పిన పిల్లవాడు వినును. వలదని మీరైనను చెప్పుడు” అని ఆ తండ్రి వ్రాసెను.

వలదని చెప్పుటయు, పొమ్మని చెప్పుటయు మా పని కాదు. అది తల్లిదండ్రుల పని. కాని ఆ ఉత్తరములోని ఒక వాక్యము మమ్ము ఊరకుండనీయలేదు. ఓడ నడుపుట తెలుగువారి వృత్తి కాదన్న వాక్యమది. ఈ మాట ఆ రైతు ఒక్కడే అనుట లేదు. సముద్రపు హోరు వినుచు పెరిగిన ఊళ్లలో చదువుకొన్నవారును అనగా మేము వింటిమి. ఇది ఎప్పటినుండి నిజమయ్యెను, ఏ కారణముచే నిజమయ్యెను అని మేము కొంత వెదకితిమి. వెదకగా తెలిసినదానినే ఈ ప్రసంగముగా కూర్చితిమి.

ఏన్కూరు నుండి సముద్రము సూటిగా కొలిచినను నూటనలుబది కిలోమీటర్లకు తక్కువ కాదు. ఐనను ఒకప్పుడు ఈ అడవులను ఏలిన రాజే సముద్రపు రేవునకును ఏలిక. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము ఓడ తుపానులో చెడి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో దానిలోని సరుకునంతయు రాజులు బలవంతముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించెను. ధనము ప్రాణముకంటె గొప్పదని యెంచి సముద్రయానమునకు తెగించిన వారియెడ దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొని తక్కినదంతయు విడిచిపెట్టుదుమని అందు ప్రకటించెను. కొండలకు, చెరువులకు నడుమ ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజునకు ఓడ చెడినవాని గోడు తెలిసియుండెనన్నమాట. ఆ శతాబ్ది చివర ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో రాజ్యమునకు రాజ్యమునే మోటుపల్లి పేరున పేర్కొనెను. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపారముచే ధనవంతుడైన వర్తకుడే. ఇంకను వెనుకకు పోయినచో, శాతవాహనుల నాణెములమీద రెండు తెరచాప స్తంభములు గల ఓడ బొమ్మ నేటికిని కనబడును.

ఈ పాత సంగతులపై మేము ఎక్కువసేపు నిలువము. ఇవి అందరెరిగినవే. పైగా శాసనములలో కనబడువారు రాజులు, వర్తకులు. కావ్యములలో కనబడువారును వారే. ఓడను నడపినవాడు శాసనమున కెక్కలేదు. మాకు కావలసినవాడు అతడు.

అతని జాడ మచిలీపట్నపు వైభవకాలమున కొంత తెలియును. గోలకొండ సుల్తానుల నాడు మచిలీపట్నము ప్రధానమైన రేవు. అచ్చటినుండి ఓడలు పెగూకు, అరకానుకు, సుమత్రాలోని అచేకు, ఎర్రసముద్రపు మోఖాకు పోవుచుండెడివి. సుల్తానునకును, కొలువులోని అమీరులకును సొంత ఓడలుండెడివి. ఓడకు పెద్ద నాఖుదా. దారి చూపువాడు మాలిము. కళాసులకు పెద్ద సరంగు. వాని క్రింద తండేలు. ఈ పేర్లు ఇతర భాషలనుండి వచ్చినవే యైనను మన తీరమున ఊరిమాటలైపోయినవి. శ్రీకాకుళము తీరమున చేపల వేటకు పోవు పడవలో పెద్దను నేటికిని తండేలనియే పిలుతురు. నాఖుదా, మాలిము అను రెండు మాటలు మాత్రము మన నోళ్లనుండి జారిపోయినవి. పై రెండు మెట్లవారి పేర్లు పోయి క్రింది రెండు మెట్లవారి పేర్లు నిలిచియుండుట మాకు యాదృచ్ఛికముగా తోచలేదు. ఆ కథయే ముందు చెప్పబోవుచున్నాము.

ఓడలు కట్టు పనియు మన తీరమున బలముగా సాగెను. 1669 నుండి 1679 వరకు ఈ సముద్రముల తిరిగిన థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు నరసాపురపు ఓడల వడ్రంగుల పనితనమును మెచ్చుకొనుచు, మంచి కలపయు ఇనుమును అచ్చట దొరకుటచేత ఆంగ్ల వర్తకులును తమ ఓడలను అక్కడనే కట్టించుకొనుచున్నారని వ్రాసెను. ఆ తీరమునకు టేకును పంపినవి గోదావరి ఒడ్డు కొండలు. మ్రానులను నరికి, తెప్పలుగా కట్టి, నీటి వాలున దించెడివారు. ఏన్కూరు దాటిన అడవి ఆ కొండల అడవికి పడమటి అంచు. కావున ఆ అడవికిని ఓడకును ఏమి సంబంధమని ఎవరైన నడిగినచో, చుట్టరికము పాతదేయని చెప్పవచ్చును.

పదునెనిమిదవ శతాబ్ది చివరకు నరసాపురము వెనుకబడి, గోదావరి ముఖమున కోరంగి ముందుకు వచ్చెను. అచ్చట ఓడలు కట్టిరి. చెడిన ఓడలను బాగుచేయుటకు డాకు త్రవ్విరి. కోరంగి ఓడలు బంగాళాఖాతము నడ్డముగా కోసి రంగూనుకు పోవుచు వచ్చుచుండెడివి. బర్మాలో తెలుగువారినందరను కోరంగీలని పిలిచిరి. ఒక చిన్న రేవు పేరు ఒక జాతికే పేరైపోయెననగా అచ్చటినుండి ఎందరు సముద్రము దాటిరో ఊహింపవచ్చును. ఆ ఓడలను నడపినవారు తీరపు ఊళ్లవారు. వారికి పటము లేదు, పుస్తకము లేదు. చుక్కలు తెలియును, ఏ నెలలో ఏ గాలి వీచునో తెలియును, సీసపు గుండు త్రాటితో లోతు కొలిచి, గుండు అడుగున అంటిన మన్ను చూచి ఒడ్డెంత దూరమో చెప్పగలరు. ఈ విద్య తండ్రి నుండి కొడుకునకు, మేనమామ నుండి మేనల్లునికి వచ్చుచుండెడిది.

కోరంగి ఎట్లు పోయెనని అడిగినచో ఎక్కువమంది 1839 నవంబరు తుపాను పేరు చెప్పుదురు. ఆ తుపాను ఘోరమైనదే. సముద్రము ఊరిమీదికి వచ్చి ఇండ్లను, ఓడలను, మనుష్యులను తుడిచిపెట్టెను. కాని మా అభిప్రాయమున తుపాను ఒక్కటియే ఒక వృత్తిని చంపజాలదు. అర్ధశతాబ్దికి పూర్వము, 1789లో, ఇట్టి ఉప్పెనయే కోరంగిని ముంచెను. ఊరు మరల లేచెను. ఓడలు మరల పోయెను. రెండవసారి లేవకపోవుటకు కారణములు వేరు. నదీముఖము మేటవేసి ఓడలు లోనికి రాలేకపోయెను. వ్యాపారము కాకినాడకు మరలెను. గాలికై వేచియుండనక్కరలేని ఆవిరి ఓడలు వచ్చెను. ఈ రెండును కంటికి కనబడు కారణములు. మూడవది కంటికి కనబడలేదు. అది ఒక కాగితము.

1850లో ఇంగ్లండున ఒక చట్టము చేసిరి. విదేశములకు పోవు వర్తక నౌకపై కెప్టెనుగాగాని మేటుగాగాని పనిచేయువాడు పరీక్షలో కృతార్థుడై సర్టిఫికేటు పొందవలెను. ఇది అన్యాయపు చట్టము కాదు. త్రాగుబోతులు, లెక్కరానివారు కెప్టెనులై ఓడలను రాళ్లమీదికి ఎక్కించుచున్నారని ఆ దేశములోనే గొడవ పుట్టగా వచ్చిన చట్టమది. అందులో తెల్లవాడు, నల్లవాడు అను మాట లేదు. ఐనను పరీక్షకు కూర్చుండవలెనన్న ముందు కొన్ని సంవత్సరములు ఓడపై అప్రెంటిసుగా పని నేర్చియుండవలెను. అప్రెంటిసులను తీసికొనువారు ఓడల కంపెనీలు. కంపెనీలు బ్రిటిషువారివి. వారు మన పిల్లలను తీసికొనలేదు. తలుపునకు తాళము వేయలేదు. తలుపు దాక పోవు మెట్లను తీసివేసిరి.

దీని ఫలితము మూడు తరములలో స్థిరపడెను. ఆవిరి ఓడలలో బొగ్గు వేయుటకును, డెక్కు కడుగుటకును, త్రాళ్లు లాగుటకును భారతీయులు వేలకొలది కావలసివచ్చిరి. వారిని లస్కరులనిరి. వారిలో మిక్కిలి ప్రజ్ఞ గలవాడు సరంగు కాగలడు. అంతకు మించి ఒక్క మెట్టు ఎక్కజాలడు. సరంగుపై మెట్టు నాల్గవ మేటుది. అతడు ఇరువదేండ్ల ఆంగ్ల యువకుడు. నలుబదియేండ్లు సముద్రముమీద గడపిన సరంగు ఆ కుర్రవానికి సలాము చేయవలెను. సరంగు, తండేలు అను మాటలు మన నోట నిలిచి, నాఖుదా, మాలిము అను మాటలు పోవుటకు కారణమిది. చిన్న తెరచాప ఓడలమీద తీరము వెంబడి ఉప్పు, బియ్యము చేరవేయుచు మన తండేళ్లు మరికొంతకాలము ఓడపెద్దలుగానే యుండిరి. వారి సరుకును రైలు, స్టీమరు పంచుకొనగా వారును తగ్గిపోయిరి.

ఆ సర్టిఫికేటు పరీక్షలో అడుగునది ఏమి? శ్రోతలకు తెలియుటకు ఒక చిన్న లెక్క చెప్పెదము. మా రేడియోలో సమయము చెప్పునపుడు అది దేశమంతటికిని ఒక్కటే సమయము. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి దానిని నిర్ణయించిరి. ఆ రేఖ కాకినాడకు చేరువగా పోవును. ఏన్కూరు దానికి పడమట సుమారు రెండు డిగ్రీల దూరముననున్నది. భూమి ఒక్క డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. కనుక ఆ రేఖమీద మిట్టమధ్యాహ్నమైన ఎనిమిది నిమిషములకు గాని ఏన్కూరులో మిట్టమధ్యాహ్నము కాదు. మన గడియారములు ఒక్కటే చూపినను సూర్యుడు ఒప్పుకొనడు. ఓడమీది అధికారి ఈ లెక్కనే తిరుగవేయును. తనయొద్ద గ్రీనిచ్ కాలము చూపు గడియారమొకటి యుండును, దానిని క్రోనోమీటరందురు. తానున్నచోట సూర్యుని ఎత్తును సెక్స్టెంటుతో కొలిచి, అచ్చటి కాలము కనుగొని, రెండింటి భేదమును డిగ్రీలుగా మార్చినచో తానున్న రేఖాంశము తెలియును. ఇక అక్షాంశమునకు ధ్రువనక్షత్రము చాలును. ఏన్కూరు పొలములో నిలిచి చూచినచో ధ్రువుడు ఉత్తర దిగంతమునకు సుమారు పదునేడు డిగ్రీల ఎత్తున కనబడును; ఏన్కూరు అక్షాంశమును అంతయే.

క్రోనోమీటరులో నాలుగు సెకండ్ల తప్పున్నచో భూమధ్యరేఖ యొద్ద ఓడ స్థానము ఒక నాటికల్ మైలు తప్పును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున వైర్‌లెస్ కాలసంకేతములు వచ్చిన పిమ్మట నడిసముద్రమున గడియారమును సరిచూచుకొనుట సులువయ్యెను. మా వృత్తికి నావికుని వృత్తితో గల చుట్టరికములలో ఇది మొదటిది. రెండవదానిని చివర చెప్పెదము. నేడు ఉపగ్రహములు క్షణములో స్థానము చెప్పుచున్నవి. ఐనను పరీక్షలో సెక్స్టెంటు లెక్క పోలేదు. యంత్రము పలుకని రాత్రి చుక్కలు పలుకును.

కోరంగి నావికునకు ఈ విద్య సగము తెలియును. మిగిలిన సగము నేర్పి సర్టిఫికేటు ఇచ్చియున్నచో అతడు కెప్టెను కాకపోవుటకు కారణము లేదు. నేర్పువారు లేకపోయిరి.

ఖమ్మము సీమకు ఇంకొక చిక్కు గూడ కలదు. నైజాము తన రేవులను పోగొట్టుకొనెను. 1759లో మచిలీపట్నము, 1766 నాటి సంధితో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి పోయెను. 1802లో కుదిరిన వర్తకపు ఒడంబడికలో మచిలీపట్నపు రేవును స్వేచ్ఛగా వాడుకొనవచ్చునని నైజామునకు ఒక షరతు వ్రాసియిచ్చిరి. షరతు కాగితముమీద నిలిచెను. రాజ్యము మాత్రము సముద్రమునకు దూరమయ్యెను. భద్రాచలము 1860లో బ్రిటిషువారి క్రిందికి పోయెను. గోదావరి కీవల ఖమ్మము నైజాములోనే యుండెను. ఖమ్మము 1953లో ప్రత్యేక జిల్లా యయ్యెను. భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో దానిలో కలిసెను. ఒక్క అడవిని రెండు ప్రభుత్వములు పంచుకొన్న కాలమున, ఆ అడవి పడమటి వైపు పిల్లవానికి సముద్రమను తలంపు కలుగుటకే అవకాశము తక్కువ. ఉత్తరము వ్రాసిన రైతు వంశమున సముద్రము చూచినవాడు లేకపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

పోయిన మెట్లను తిరిగి కట్టించినది జాతీయోద్యమ కాలము. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలగువారు సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించిరి. గ్వాలియరు మహారాజు నుండి కొన్న ‘లాయల్టీ’ యను ఓడ ఆ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన బొంబాయి నుండి లండనుకు బయలుదేరెను. ఆ తేదీనే నేడు మన దేశమున జాతీయ నౌకాయాన దినముగా జరుపుచున్నారు. బ్రిటిషు కంపెనీలు కిరాయిలు తగ్గించి పోటీపడి, చివరకు 1923లో సింధియాచే ఒక ఒడంబడిక వ్రాయించుకొనెను: పది సంవత్సరములు తీరవ్యాపారమే తప్ప విదేశములకు పోరాదు, ఓడల మొత్తము 75,000 టన్నులు మించరాదు. ఓడ మనదైనను దాని బ్రిడ్జిమీద నిలుచు అధికారులు అప్పటికి మనవారు కారు. సర్టిఫికేటు గల మనవారు దొరకినగదా!

ఈ లోటును 1922లో సర్ పి.యస్. శివస్వామి అయ్యరు కేంద్ర శాసనసభలో ప్రస్తావించి తీర్మానము పెట్టెను. 1923లో ప్రభుత్వము కెప్టెన్ హెడ్లామ్ అధ్యక్షతన కమిటీని నియమించెను. కమిటీ రెండు ముఖ్యమైన సలహాలు చెప్పెను. భారతీయ బాలురకు అధికారి శిక్షణ నిచ్చుటకు ఒక ఓడ నుంచవలెననునది ఒకటి. తీరవ్యాపారమును క్రమముగా భారతీయ నౌకలకు ప్రత్యేకింపవలెననునది రెండవది. ప్రభుత్వము మొదటిదానిని అంగీకరించి రెండవదానిని ప్రక్కన పెట్టెను. రెండవదానికై 1928లో హాజీగారు తెచ్చిన బిల్లు చట్టము కాకయే పోయెను. తీరవ్యాపారము మన ఓడలకు దక్కుట స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి మాట.

అంగీకరించిన మొదటి సలహాయే ‘డఫరిన్’. అది పాత సైనిక రవాణా నౌక. దానిని బొంబాయిలో మజగావ్ యొద్ద లంగరు వేసి 1927 డిసెంబరులో శిక్షణ నౌకగా తెరచిరి. మూడేండ్ల చదువు. ఆ తరువాత ఓడలపై క్యాడెట్టుగా పని, తరువాత పరీక్ష. చదువు ముగిసిన పిల్లలకు పని ఎవరిత్తురన్న భయము మొదట నుండెను. బ్రిటిషు కంపెనీలు నసిగినవి. సింధియా చేయి చాచెను. మొదటి జట్టు పిల్లలలో ఒకడు రామదాస్ కటారి. ఆయన చెంగల్పట్టులో జనించి, డఫరిన్‌లో చదివి, కలకత్తా రేవు కొలువులో చేరి, తరువాత నౌకాదళమునకు పోయి, 1958 ఏప్రిలులో భారత నౌకాదళాధిపతి అయ్యెను. ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనయే. సరంగుతో ఆగిన మెట్లమీద ముప్పదియేండ్లలో ఒకడు పై అంతస్తునకు చేరెనన్నమాట. డఫరిన్ 1972 వరకు పనిచేసెను. తరువాత ‘రాజేంద్ర’ వచ్చెను. 1993లో దాని స్థానమున నవీముంబాయిలో ‘చాణక్య’ ఒడ్డుమీది విద్యాలయముగా వెలసెను.

మన తీరమున ఈ కథ విశాఖపట్టణమునకు వచ్చును. అచ్చటి రేవును 1933లో తెరచిరి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు సింధియావారి నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసెను. మరుసటి సంవత్సరము ఏప్రిలు 6న జపానువారు విశాఖపట్టణము మీద బాంబులు వేసిరి. ఐనను పని నిలువలేదు. 1948 మార్చి 14న ‘జలఉష’ యను ఎనిమిదివేల టన్నుల ఓడను జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి దించెను. 1952లో ఆ శాల ప్రభుత్వపు చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయ్యెను. నరసాపురపు వడ్రంగుల, కోరంగి వడ్రంగుల తరువాత తెలుగు తీరమున మరల సముద్రపు పెద్ద ఓడ పుట్టినది అప్పుడే. 1839 తరువాత నూటతొమ్మిదేండ్లు పట్టెను.

ఇక ఉత్తరము వ్రాసిన రైతునకు పనికివచ్చు సంగతులు. 2008లో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఏర్పడెను. దానికి విశాఖపట్టణమునను ఒక శాఖ కలదు. ప్రవేశమునకు దేశమంతటికిని ఒక్క పరీక్ష. పిల్లవాడు చదివిన మూడు శాస్త్రములే దానికి పునాది. డెక్కు అధికారి కాగోరువానికి రెండు దారులు. మూడేండ్లు చదివి నాటికల్ సైన్సులో డిగ్రీ తీసికొనుట ఒకటి. ఒక సంవత్సరపు డిప్లొమా చదివి పదునెనిమిది నెలలు ఓడపై క్యాడెట్టుగా పని నేర్చుట మరియొకటి. పిదప సెకండ్ మేటు పరీక్ష. కొంత అనుభవము గడించి చీఫ్ మేటు పరీక్ష. ఆపైన మాస్టరు పరీక్ష. మాస్టరనగా ఓడకు కెప్టెను, నాటి నాఖుదా. యంత్రములపై మనసున్నవానికి మెరైన్ ఇంజనీరింగు నాలుగేండ్ల చదువు వేరుగా కలదు. డెక్కు పనికి కన్ను ముఖ్యము. ఎరుపు, ఆకుపచ్చ దీపముల భేదము తెలియనివానిని చేర్చుకొనరు. రాత్రి ఎదురుగా వచ్చు ఓడ ఏ దిక్కునకు పోవుచున్నదో ఆ దీపములే చెప్పవలెను. కావున ఫీజు కట్టుటకు ముందే కన్ను చూపించుకొనుట మేలు.

ఒక హెచ్చరిక. ఈ ఉద్యోగమునకు జీతము మంచిదని తెలిసి దళారులు పుట్టిరి. రెండు లక్షలిండు, మూడు లక్షలిండు, నేరుగా ఓడ ఎక్కించెదమని చెప్పువారు పల్లెలవరకు వచ్చుచున్నారు. ఇట్టివాని మాట నమ్మి పొలము అమ్మి చెడిన కుటుంబమొకటి మేమెరుగుదుము. ఆ పిల్లవాడు ఓడ ఎక్కనే లేదు. ఏ విద్యాలయమునకైనను, ఏ ఉద్యోగపు కంపెనీకైనను నౌకాయాన డైరెక్టరు జనరలు కార్యాలయపు ఆమోదము ఉన్నదో లేదో ముందు చూచుకొనవలెను. ఆ జాబితా అందరికిని దొరకును.

కష్టములను దాచుట మాకిష్టము లేదు. ఓడ ఎక్కిన పిల్లవాడు ఆరునెలలకు, ఒక్కొక్కప్పుడు తొమ్మిది నెలలకు గాని ఇంటికి రాడు. పగటికిని రాత్రికిని భేదము లేక నాలుగు గంటలు కాపు, ఎనిమిది గంటల విడుపు. ఆ విడుపులోనే మిగిలిన పనులును. సంక్రాంతికి ఇంట నుండునన్న నమ్మకము లేదు. చెల్లెలి పెండ్లికి వచ్చునన్న నమ్మకము లేదు. తండ్రి అసలు భయము వృత్తి మనది కాదని కాక ఇదియే యైయుండునేమో. ఐనచో అది న్యాయమైన భయము. దానికి చరిత్రలో సమాధానము లేదు. తండ్రీ కొడుకులు కూర్చుండి మాటలాడుకొనవలసిన సంగతి అది.

మా వృత్తికి సంబంధించిన రెండవ చుట్టరికమును చెప్పెదమంటిమి. 1912లో టైటానిక్ మునిగిన పిమ్మట ఓడలలో వైర్‌లెస్ ఉండుటయు, దానిని నడుపు రేడియో అధికారి యుండుటయు క్రమముగా తప్పనిసరి యయ్యెను. చెవులకు ఫోనులు తగిలించుకొని, ఆపదలోనున్న ఓడ కూతకై కాచుకొనియుండుట అతని పని. 1999 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహముల పద్ధతి పూర్తిగా అమలులోనికి వచ్చి ఆ పదవికి కాలము చెల్లెను. చెల్లిపోవు కాలమున ఆ పదవిలో చేరినవారిలో కేరళ కొడుంగల్లూరు వనిత రాధికా మేనోన్ ఒకరు. ఆమె షిప్పింగు కార్పొరేషనులో రేడియో అధికారిగా చేరి, ఆ పదవి పోవుచుండగా చేతులు ముడుచుకొనక, మేటు పరీక్షలు ఒక్కొక్కటిగా వ్రాసి కెప్టెను అయ్యెను. భారత వర్తక నౌకలలో కెప్టెను పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

2015 జూన్ 22న ఆమె నడుపుచున్న ‘సంపూర్ణ స్వరాజ్య’ యను చమురు ఓడ ఒరిస్సాలోని గోపాలపురము తీరమునకు దవ్వుగా బంగాళాఖాతములో పోవుచుండెను. పెద్ద గాలి, వాన. ఇరువదియైదు అడుగులు మించిన అలలు. రెండున్నర కిలోమీటర్ల దూరమున ఒక చేపల పడవను ఓడ సెకండ్ ఆఫీసరు చూచెను. అది కాకినాడ నుండి ఒరిస్సాకు బయలుదేరిన ‘దుర్గమ్మ’. ఇంజను చెడి, లంగరు పోయి, దినముల తరబడి గాలికి కొట్టుకొనిపోవుచుండెను. తిండియు, నీరును సముద్రము పాలైనవి. చేపల కొరకు తెచ్చుకొన్న మంచుగడ్డలే వారికి ఆహారము. పడవలో ఏడుగురు, అందరిలో చిన్నవానికి పదునైదేండ్లు. రాధికా మేనోన్ ఓడను మరల్చుమని ఆజ్ఞ ఇచ్చెను. అంత పెద్ద ఓడను ఆ అలలలో చిన్న పడవ ప్రక్కకు తెచ్చుట సామాన్యము కాదు. ఏమాత్రము తప్పినను ఓడయే పడవను నలిపివేయును. ఒకమారు కాదు, రెండుమారులు కాదు, మూడుమారులు ప్రయత్నింపగా ఏడుగురును త్రాటినిచ్చెన పట్టుకొని పైకి వచ్చిరి. మరుసటి సంవత్సరము లండనులో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమెకు సాహస పురస్కారము నిచ్చెను. ఒక స్త్రీకి ఆ పురస్కారము దక్కుట అదే మొదలు.

ఆ ఏడుగురు కొలది దినములలో ఇండ్లకు చేరిరి. అప్పటికి వారి ఇండ్లలో వారు లేరనుకొని ఉత్తరక్రియలకు ఏర్పాట్లు జరుగుచుండెను.